రెండు రబ్బరు గొట్టములు

మోటారుబండిని జూచువారు మొట్టమొదట దాని రంగును, ఆకారమును, లోపలి మెత్తలను జూతురు. కొంచెము తెలిసినవారు ఇంజను బలమును గూర్చి ప్రశ్నింతురు. బాగుగ తెలిసినవారు బ్రేకులను, చక్రములను పరీక్షింతురు. ఇంజను మూత క్రింద, చేయి సరిగా దూరని యొక మూలను, మూరెడైన లేని రెండు నల్లని రబ్బరు గొట్టములుండును. వానిని గూర్చి యడుగువారు అరుదు. అట్టి గొట్టములను రెండింటిని మార్చు పని యీ సంవత్సరము మాకు తటస్థించెను. ఆ పనియందు మేము చూచినదియు, తలపోసినదియు మన విద్యార్థులకు ఉపయోగపడునని యెంచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము. యంత్రవిషయములు కొన్ని తెలియనిదే మేము చెప్పదలచిన మాట బోధపడదు గనుక, వానిని మొదట వివరించెదము. చదువరులు విసుగు చెందకుందురు గాక.

ఆ బండి మన పాఠశాల పూర్వవిద్యార్థిని యగు నొక డాక్టరమ్మగారిది. 1984వ సంవత్సరమున తయారైన మెర్సిడీస్ బెంజి 240 డి అను డీజిలు బండి. 123 అను సంఖ్యతో వ్యవహరింపబడు ఈ వరుస బండ్లు 1975 చివరినుండి 1986 మొదటివరకు సుమారు 27 లక్షలు తయారై, అనేక దేశములలో అద్దెబండ్లుగ విస్తారముగ దిరిగినవి. డాక్టరమ్మగారు ఇంగ్లండులో ఉద్యోగము చేసి మరలివచ్చునప్పుడు దీనిని ఓడమీద తెచ్చుకొనిరి. ఆమెకు మూడేండ్ల ప్రాయమున, అనగా 1960 ప్రాంతమున, పోలియో సోకి యెడమకాలు బలహీనమయ్యెను. జోనాసు సాల్కు కనిపెట్టిన సూదిమందు 1955లోనే అమెరికాలో వాడుకకు వచ్చినను, మన పల్లెలకు అట్టి మందు చేరుటకు చాలకాలము పట్టినది. మన దేశమునుండి పోలియో తొలగిపోయినదని 2014 మార్చి 27వ తేదీన ప్రకటింపబడెను గావున, నేటి విద్యార్థులు ఆ వ్యాధిని కంట జూచియుండరు. వెనుకటి తరములలో దాని గురుతు మోయుచున్నవారు మాత్రము నేటికిని మన నడుమ గలరు.

సాధారణపు మోటారులో క్లచ్చి, బ్రేకు, యాక్సిలరేటరు అని మూడు పెడళ్లుండును. క్లచ్చిని ఎడమకాలితో త్రొక్కవలయును. డాక్టరమ్మగారి కాలు అందులకు చాలదు. ఆమె బండిలో క్లచ్చి పెడలు లేదు. గేర్లు తమంతట తామే మారును. కుడికాలు ఒక్కటియే చాలును. ఆ బండి నడచుచున్నంతకాలము ఆమె యెవరిని యాచింపకయే తాను కోరిన చోటికి బోగలరు. ప్రతి గురువారమును కాలువగట్టు దారిని ఇరువదిరెండు కిలోమీటర్లు ఒంటరిగ బండి నడుపుకొనిపోయి, ఒక పల్లెలో ఉచితముగ రోగులను జూచుచున్నారు. ఏడుపదులకు దగ్గరైన వయస్సున ఈ శ్రమ యేల, ఈ పాతబండిని అమ్మివేయరాదా యని బంధువులు కొంతకాలముగ నొత్తిడి చేయుచున్నారు. "బండి మూలబడిననాడు నేనును మూలబడుదును, అంతవరకు నన్ను విడిచిపెట్టుడు" అని ఆమె వారికి జెప్పుచుండిరి. కావున ఆ బండి గేరుబాక్సుయొక్క ఆరోగ్యము, ఆ పల్లెలో వైద్యమునకై వేచియుండువారి మేలు, ఒకదానితో నొకటి ముడివడియున్నవి.

తమంతట తామే మారు గేర్లు ఎట్లు పనిచేయును? రెండు బల్లపంకాలను ఎదురెదురుగ నుంచి యొకదానిని మాత్రము త్రిప్పిన యెడల, దాని గాలి తగిలి రెండవది గూడ తిరుగుట మొదలిడును. గాలికి బదులు తైలమును, పంకాలకు బదులు మూసిన డొప్పలోని రెండు రెక్కల చక్రములను ఊహించుకొనుడు. ఇంజను ఒక చక్రమును త్రిప్పును. అది తైలమును విసరును. ఆ తైలపు వేగము రెండవ చక్రమును త్రిప్పును. ఈ యుపాయమును హెర్మను ఫొట్టింగరు అను జర్మను ఇంజనీరు 1905లో ఓడల యంత్రములకొరకు గనిపెట్టెను. అమెరికాలో 1940వ సంవత్సరపు ఓల్డ్స్‌మొబైలు బండ్లలో హైడ్రామాటికు అను గేరుబాక్సు రాగా, తైలమువలన నడచు స్వయంచాలకమగు గేరుబాక్సు సామాన్యుల బండ్లలోనికి వచ్చినట్లయినది.

అట్టి గేరుబాక్సులో తైలమే సర్వస్వము. శక్తిని మోయునది అదియే. గేర్లను మార్చు ఒత్తిడి అదియే. పళ్లచక్రములకు జిడ్డు నిచ్చునది అదియే. ఒక చక్రముకన్న రెండవ చక్రము కొంచెము వెనుకబడి తిరుగును గనుక, ఆ తేడా యంతయు వేడిమిగా మారి తైలములో జేరును. వేడి పెరిగినకొలది తైలము త్వరగా చెడును. పది డిగ్రీలు పెరిగిన రసాయనక్రియల వేగము ఇంచుమించు ద్విగుణ మగునని మన పై తరగతులవారు చదువుకొనియే యున్నారు. అందువలన ఆ తైలమును బయటికి దెచ్చి చల్లార్చి మరల లోనికి బంపుదురు. ఇంజనునీటిని చల్లార్చు రేడియేటరు తొట్టెలోనే తైలముకొరకు వేఱొక చిన్న గది యుండును. తైలము ఒక దారిని వచ్చి, ఆ గదిలో తన వేడిని నీటికి విడిచి, రెండవ దారిని గేరుబాక్సునకు బోవును. దారి చాలవరకు ఉక్కుగొట్టము. రేడియేటరు దగ్గర మాత్రము రబ్బరు.

అచట రబ్బరేల? పూర్తిగ ఉక్కుగొట్టమే వేయరాదా? ఇంజనును గేరుబాక్సును రబ్బరు దిమ్మెలపై కూర్చుండి యుండును. తిరుగునప్పుడు కదలుచు, వణకుచుండును. రేడియేటరో, బండి చట్రమునకు బిగింపబడి కదలక యుండును. కదలుదానికిని కదలనిదానికిని నడుమ గట్టి ఉక్కును బిగించినచో కొన్నాళ్లకు అతుకు విరుగును. కావున ఆ నడుమ భాగమున వంగుచు, సాగుచు, వణకును తనలో నిముడ్చుకొను వస్తువు కావలయును. ఇంటిలోనైనను బడిలోనైనను ఇద్దరు మొండివారి నడుమ సర్దుచుండు మనుష్యుని పని యెట్టిదో ఈ గొట్టముల పని యట్టిది. ముందుగ నరిగిపోవునవియు నవియే.

ఫిబ్రవరి నెలలో డాక్టరమ్మగారు మన విద్యార్థుల ఆరోగ్యపరీక్షకై వచ్చి బండిని వేపచెట్టు క్రింద నిలిపిరి. మధ్యాహ్నము ఆరవ తరగతి బాలు డొకడు పరుగెత్తుకొనివచ్చి, "మాస్టరుగారూ, డాక్టరమ్మగారి కారుకు నెత్తురు కారుచున్నది" అని చెప్పెను. తోడి బాలురు నవ్విరి గాని, చూచినవా డతడే. ఇసుకమీద రూపాయిబిళ్ల యంత యెఱ్ఱని మరక గలదు.

బండి క్రింద బడిన చుక్క రంగునుబట్టి దాని పుట్టుకను కొంత గ్రహింపవచ్చును. రంగులేని నీరైనచో చల్లనిగాలి యంత్రమునుండి వచ్చినదై యుండును. దానికి భయపడ బనిలేదు. పచ్చగానో నీలముగానో యుండి జిడ్డులేనిచో రేడియేటరు నీరు. నల్లనిజిడ్డైనచో ఇంజను తైలము. ఎఱ్ఱనిజిడ్డైనచో గేరుబాక్సు తైలము. ఇంజనుతైలముతో కలియబోయక యుండుటకై దానికి ఎఱుపురంగు కలుపుదురు. అయితే కొన్ని బండ్లలో స్టీరింగునకును ఎఱ్ఱతైలమునే వాడుదురు గనుక రంగుమాత్రమున నిశ్చయింపరాదు. మేము అచ్చటి భాగములను బట్టతో శుభ్రముగ తుడిచి, క్రింద పాత వార్తాపత్రిక పఱచి, ఇంజనును పది నిమిషములు నడిపించి చూచితిమి. క్రింది గొట్టము కొనయందు, రబ్బరు ఉక్కుకట్టులోనికి దూరుచోట, ఎఱ్ఱని చెమట పట్టెను. చూచుచుండగనే అది చుక్కయై పత్రికపై బడినది. గొట్టమును వ్రేళ్లతో వంచి చూడగా పైపొరయం దంతట ఎండిన చెఱువు నేలవలె బీటలు గనబడెను.

బండ్లు బాగుచేయువారు ముగ్గురు మూడు మార్గములు చెప్పిరి. ఒకడు ఉక్కుకట్టుపై ఒక క్లిప్పు వేసి బిగించిన చాలుననెను. రెండవవాడు గొట్టమును కోసి రేడియేటరు నీటిగొట్టపు ముక్కను అతికెద ననెను. మూడవవాడు మరింత సులభమైన దారి చూపెను: రేడియేటరు జోలికే పోక, గేరుబాక్సునుండి వచ్చు దారిని పోవు దారికి నేరుగ కలిపివేసినచో గొట్టములే యక్కరలేదని. కారుట ఆ క్షణముననే నిలుచునన్న మాట నిజము. తైలము చల్లారుట గూడ ఆ క్షణముననే నిలుచును. మే నెల యెండలో, కాలువగట్టు ఎగుడుదిగుడులలో, తన వేడిలో తానే యుడుకు తైలముతో ఆ గేరుబాక్సు ఎన్నాళ్లు నిలుచును? నలువదేండ్లనాటి గేరుబాక్సు కాలిపోయినచో దానికి బదులు దొరకుట దుర్లభము. దొరకినను లక్షకు పైబడును. అప్పుడు బండి నమ్ముమనువారి మాటయే గెలుచును. తైలము జారి వేడిపొగగొట్టముపై బడినచో నిప్పంటుకొను భయమును గలదు. ఈ సంగతులన్నియు డాక్టరమ్మగారికి విన్నవించితిమి. ఆమె చిరునవ్వు నవ్వి, "పుండు మీద గుడ్డ కప్పిన నయమగునా? రెండు గొట్టములును మార్చుడు. ఈ గురువారము ఆటోలో పోయెదను" అనిరి.

కారుచున్నది యొక్కటియే కదా, రెండును మార్చుట యెందులకని మా సహోపాధ్యాయు డొక రడిగిరి. రెండును ఒకేనాడు పుట్టినవి. ఒకే వేడిమిని, ఒకే తైలమును, ఒకే వణకును అనుభవించినవి. ఒకటి నేడు కారినచో రెండవది రేపు కారును. ఆ రేపు ఏ కాలువగట్టుపై సంభవించునో యెవరెరుగుదురు?

రబ్బరు ముసలిదగుట యెట్లో కొంచెము చెప్పవలయును. చెట్టుపాలనుండి వచ్చు రబ్బరు ఎండకు జిగటయై చలికి పెళుసగును. 1839లో అమెరికాలో చార్లెసు గుడియరు దానిని గంధకముతో కాచి గట్టిపఱచు మార్గమును గనుగొనెను. అయినను చెట్టురబ్బరునకు నూనెలు పడవు. రబ్బరుబాండులు రెండు తెచ్చి, ఒకదానిని నీటిలోను ఒకదానిని కిరసనాయిలులోను రాత్రి యంతయు నానవేసి ప్రొద్దున జూడుడు. రెండవది ఉబ్బి, పొడవై, లాగినంతనే తెగును. ఈ కారణమున 1930 ప్రాంతములలో జర్మను శాస్త్రజ్ఞులు నూనెకు లొంగని నైట్రైలు అను కృత్రిమ రబ్బరును తయారుచేసిరి. తైలపు గొట్టముల లోపొర అట్టి రబ్బరుతోనే చేయుదురు. అదియును శాశ్వతము కాదు. వేడికిని గాలిలోని ప్రాణవాయువునకును సంవత్సరముల తరబడి లోనై, తనలోని మెత్తదనము పోగొట్టుకొని, బిఱ్ఱబిగిసిపోవును. చూపునకు పూర్వపు గొట్టమువలెనే యుండును; వంగు గుణము మాత్రము పోయియుండును.

పాత తిత్తులను గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానమును మన విద్యార్థులు ఆదివారపు బడిలో వినియున్నారు. తోలుతిత్తి క్రొత్తదిగ నున్నప్పుడు లోపలి ద్రాక్షారసము పొంగినకొలది తానును సాగును; పాతదై యెండినపిమ్మట సాగలేక పిగులును; తిత్తియు పోవును, రసమును పోవును. దానికి ముందుగనే పాతబట్టకు క్రొత్తగుడ్డ మాసిక వేయరాదను ఉపమానము గలదు. ఆ రెండు ఉపమానములును అతుకు పనిని గూర్చినవే. నీటిగొట్టపు ముక్కను తైలపు గొట్టమున కతికెదనన్న మనుష్యుని మాట వినినప్పుడు మాకు అవి జ్ఞప్తికి వచ్చినవి.

శనివారమునాడు విజయవాడ ఆటోనగరునకు బోయితిమి. పాత గొట్టముల కొనలనుండు ఉక్కుమరలను నిలుపుకొని, నడుమ క్రొత్తరబ్బరు వేసి యంత్రముతో ప్రెస్సుచేసి యిచ్చు దుకాణము లచట గలవు. మొదటి దుకాణమున, అదే లావుగల నీటిగొట్టము చూపి, "ఇదియు గొట్టమే కదా, ధర నాలుగవ వంతు" అనిరి. మేము ఎస్.ఏ.ఇ. జె 1532 అను గుర్తును అడిగితిమి. గేరుబాక్సు తైలమునకు, దాని వేడికి తగినట్లు చేసిన గొట్టములకు ఏర్పడిన ప్రమాణ మది. మూడవ దుకాణమున ఆ గుర్తుగల గొట్టము దొరకినది. దానిపై తయారైన సంవత్సరము గూడ అచ్చువేసి యుండెను. దుకాణపు అరలో అయిదేండ్లు పడియున్న రబ్బరును క్రొత్తదని కొనరాదు గనుక దానిని జూచుట యవసరము. రెండింటికి కూలితో గూడ మూడువేల రూపాయలలోపే యైనది.

పని సోమవారము సాయంకాలము మన పాఠశాల షెడ్డులో జరిగినది. బండిని ఉదయమునుండి నడుపక చల్లారనిచ్చితిమి; వేడితైలము చర్మమును కాల్చును. వెనుకచక్రములకు దిమ్మెలు పెట్టి, ముందుభాగమును జాకీతో నెత్తి, జాకీని మాత్రమే నమ్మక క్రింద ఇనుపస్టాండ్లు నిలిపి, బ్యాటరీతీగ తీసివేసితిమి. పదవ తరగతి విద్యార్థు లిద్దరు స్పానర్లు అందించుటకును, జరుగు పనిని పుస్తకమున వ్రాయుటకును నిలిచిరి. బండి క్రిందికి వారిని రానీయలేదు.

మర విప్పుటకు ముందు అతుకుల చుట్టునున్న మట్టిని కుంచెతో, కిరసనాయిలుతో కడిగితిమి. గేరుబాక్సులో తైలము పోవు సందులు మిక్కిలి సన్ననివి; ఇసుకరేణువు ఒకటి లోపలికి బోయినను చిక్కు తెచ్చును. పిమ్మట రెండు స్పానర్లు పట్టవలయును. ఒకటి విప్పవలసిన మరకు. రెండవది రేడియేటరు ప్రక్కనుండు మరను కదలకుండ నిలుపుటకు. రెండవదానిని మఱచినచో బిగుసుకొనిన మర తనతోగూడ రేడియేటరు అతుకును మెలిపెట్టి చీల్చును. అది చీలినయెడల నీరును తైలమును కలసి పాలవలె విరుగును. రెండు యంత్రములును చెడును. బిగువుగలచోట బలమునకన్న నిదానమే పనిచేయును. పైమర అరగంటవఱకు రాలేదు. నూనెచుక్క వేయుట, వేచియుండుట, కొంచెము కదల్చుట, మరల నూనెచుక్క వేయుట. ఇట్లు నాలుగు మారులు చేయగా కదలినది.

కారిన తైలమును పళ్లెమున పట్టి ప్రయోగశాలలోని కొలపాత్రలో కొలిచితిమి, 350 మిల్లీలీటర్లుండెను. క్రొత్తగొట్టములను మొదట వ్రేళ్లతో త్రిప్పి, మరలు సూటిగ నెక్కినవని తెలిసికొనిన పిమ్మటనే స్పానరుతో బిగించితిమి. గొట్టము మెలిపడలేదని, పంకాబెల్టునకు గాని పొగగొట్టమునకు గాని తగులుట లేదని దీపము పెట్టి చూచితిమి. పోయినంత క్రొత్తతైలమును పోసి ఇంజనును నడిపించితిమి. ఈ తైలమును కొలుచుటకు పద్ధతి వేఱు. బండి సమతలమున నుండవలయును, ఇంజను నడచుచుండవలయును, తైలము బాగుగ వేడెక్కియుండవలయును. కొలతపుల్లను దారపుపోగులు రాలని బట్టతో తుడువవలయును. తక్కువైనచో గేర్లు జారును. ఎక్కువైనచో తైలము నురుగెత్తి అదియు నదే హాని చేయును. రెండు గీతల నడుమ నిలిచినప్పుడు మేము ఊపిరి పీల్చితిమి.

ఇరువది కిలోమీటర్లు నడిపి, మరల క్రింద పత్రిక పఱచి, రాత్రియంతయు నుంచితిమి. తెల్లవారి చూడగా పత్రికపై అక్షరములు తప్ప వేరే చుక్క లేదు. రెండు దినముల పిమ్మట గురువారము వచ్చినది. డాక్టరమ్మగారు ఎప్పటివలెనే కాలువగట్టు దారిని బోయిరి.

తరువాత మేము పాతగొట్టములను నిడుపుగ కోసి చూచితిమి. కారుచున్న గొట్టము లోపొర కట్టుదగ్గర చిట్లియుండెను. పైకి బాగుగనే యున్న రెండవ గొట్టము లోపల అంతకన్న చెడియుండెను. గోటితో గీకగా నల్లని పొడి రాలెను. కారలేదు గావున దానిని నిలుపుకొనియుంటిమా, ముందుగ పగులునది అదియే యయియుండును. ఆ ముక్కలను డాక్టరమ్మగారికి చూపితిమి. ఆమె వానిని చాలసేపు త్రిప్పి చూచి, "మాస్టారూ, నాయొద్దకు వచ్చు రోగులలోను నొప్పి చెప్పువారిని గూర్చి నాకు భయము లేదు. చెప్పక మోయుచుండువారిని గూర్చియే భయము" అనిరి.

విద్యార్థులారా, మీలో కొందరు ఇంజనీర్లగుదురు, కొందరు డాక్టర్లగుదురు, పలువురు గృహస్థులగుదురు. ఎవరైనను మీ యింటిలో, మీ వీధిలో, ఇద్దరి నడుమ వంగుచు సర్దుచు శ్రమపడుచున్నవా రెవరో కనుగొనుడు. అమ్మయో, అక్కయో, కార్యాలయపు బంట్రోతో కావచ్చును. వారు కారువఱకు వేచియుండక ముందుగనే విచారింపుడు. ఇంటిలో వంటగ్యాసు గొట్టము గలవారు దానిపై ముద్రించియున్న తేదీని నేడే చూచి, గడువు తీరినదైనచో పెద్దలతో జెప్పి మార్పింపుడు. అదియును ఈ జాతి గొట్టమే. కోసిన పాత గొట్టములను ప్రయోగశాల గాజుబీరువాలో, రెండవ అరలో, ఎఱ్ఱమరక పడిన వార్తాపత్రిక ముక్కతో గూడ ఉంచినాము. చూడగోరువారు చూడవచ్చును.